వాటాలాయన

పదకొండో మెషీను మీట నొక్కి, అతను నడుం వంచి తెర ముందు ఆగాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో మూడు వరుసలు పడ్డాయి. మొదటిది చదువుకోవడానికి వచ్చేవాళ్ళకి, రెండోది సిబ్బందికి, మూడోది మెషీను మొరాయిస్తే బాగుచేసుకోవడానికి. వాటి కింద పది నుంచి వెనక్కి అంకెలు దిగుతున్నాయి. ఎవరూ ఏదీ ఎంచుకోకపోతే సున్నా దగ్గర మొదటి వరుస దానంతటదే తెరుచుకుంటుంది. అది తెరుచుకునేదాకా అతను కదలడు. గ్రంథాలయం తలుపులు తీయకముందే ఈ కంప్యూటర్ల గదిలో పదకొండు మెషీన్ల దగ్గరా అలా నిలబడతాడు. "అన్నీ ఒకేసారి వేసి టీ తాగొచ్చుగా" అని అటెండరు రోజూ అంటాడు. అతను రోజూ విననట్టే ఉంటాడు.

యాభై రెండేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎవరో పిలిచినట్టు ఎప్పుడూ కొంచెం ముందుకి వంగి ఉంటాడు. చొక్కా జేబులో పెన్నుకి బదులు స్క్రూడ్రైవరు. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే రాగితీగ చుట్టాడు, చుట్టి నాలుగేళ్ళయింది. ఏ ముఖ్యమైన మీట నొక్కాలన్నా అతని చూపుడువేలు గాలిలో ఆగుతుంది. తెర మీది వాక్యాన్ని పెదాలు కదుపుతూ ఒకసారి, మనసులో ఒకసారి, ఒక్కో మాట కింద గోరు ఆనించి మూడోసారి చదువుతాడు. అప్పుడు నొక్కుతాడు. కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ మేడమ్ ఆ మధ్య మీటింగులో అందరి ముందూ అంది, "జాగ్రత్తంటే ఏమిటో ఆయన్ని చూసి నేర్చుకోండి" అని. అందరూ అతని వైపు తిరిగారు. అతను తేలు కుట్టిన దొంగలా నేలచూపులు చూశాడు. అది వినయం అనుకున్నారు.

అతని అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ అతను 'వాటాలాయన'. ఆ పేరు పెట్టింది అటెండరే. మీరు రోజంతా ఆ డబ్బాలతో ఏం చేస్తారని ఒకసారి అడిగితే అతను ఓపిగ్గా చెప్పాడు.

"ఒకే ఇంటిని అన్నదమ్ములు మధ్యలో గోడ కట్టుకుని పంచుకుంటారు చూడు, అలా ఒక డిస్కుని వాటాలు వేస్తాను. ఒక్కో వాటాలో ఒక్కో సిస్టం కాపురం ఉంటుంది. ఒకరి గదిలోకి ఒకరు రారు. పొద్దున లేవగానే, ఏ గుమ్మంలోంచి వెళ్తావని మెషీను అడుగుతుంది. ఆ అడిగేదే మెనూ."

"బాగుంది. మీ నాన్నేమో మీకు ఒక్క గది కూడా వాటా ఇవ్వలేదు, మీరేమో ఊరందరికీ పంచిపెడుతున్నారు" అన్నాడు అటెండరు. ఆ జోకు గ్రంథాలయంలో ఆర్నెల్లు నడిచింది. పేరు మాత్రం ఉండిపోయింది.

పన్నెండో మెషీను ఈ గదిలో లేదు. హాలు దాటి, పాత పేపర్ల బైండు పుస్తకాలున్న వెనక గదిలో, ఎత్తయిన బల్ల మీద ఉంది. అది అక్కది.

అక్కంటే తోడబుట్టినది కాదు. ఆఫీసులో అందరికీ అక్కే. చిన్న ఆకారం, పెద్ద గొంతు, మెడ మీద బిగించిన నెరిసిన ముడి. పదహారేళ్ళుగా ఆవిడ చేసే పని ఒకటే: పాత పేపర్లు ఒక్కో పేజీ తిప్పి, ఏ తేదీన, ఎన్నో పేజీలో, ఎవరి గురించి, దేని గురించి ఏముందో మెషీనులోకి ఎక్కించడం. వరదలు, పెళ్ళిళ్ళు, పరీక్షా ఫలితాలు, తప్పిపోయిన ఆవులు, అన్నీ. ఇవాళ ఆవిడకి ఆఖరి రోజు. సభలూ దండలూ వద్దని ముందే చెప్పేసింది.

ఈ సంగతి ఆ పొద్దున ఇంట్లో కూడా వచ్చింది. భార్య నేల మీద బట్ట పరిచి, సుద్దతో గీతలు పెడుతోంది. చుట్టుపక్కల పిల్లల యూనిఫాములు ఆవిడే కుడుతుంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఇవాళేగా ఆవిడ ఆఖరి రోజు?"

"ఊఁ."

"చెప్తారా?"

అతను చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"చెప్పొద్దని నేను అనను. కానీ ఒక్కటి. పదమూడేళ్ళు దాచి, ఆవిడ వెళ్ళిపోయే రోజున చెప్తే దిగేది ఎవరి బరువు? ఆవిడదా, మీదా? అది తేల్చుకుని చెప్పండి" అంది. అని కత్తెర తీసుకుంది. బట్ట మీద కత్తెర నడిచిన చప్పుడు వీధి మలుపుదాకా అతని చెవుల్లోనే ఉంది.

పదమూడేళ్ళ కిందట అక్క మెషీనులో చోటు చాలక రెండో డిస్కు పెట్టాల్సి వచ్చింది. అప్పటికి ఆవిడ ఆ పని మొదలుపెట్టి మూడేళ్ళు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుకి, వాళ్ళమ్మకి జ్వరం ఎక్కువైందని ఇంటినుంచి కబురొచ్చింది. ఆవిడ హడావుడిగా వెళ్ళిపోయింది. ఒంటిగంటకి అతను మెషీను ఒకసారి వేసి చూశాడు. అంతా బాగుంది. ఆపి, మూత విప్పి, కొత్త డిస్కు బిగించాడు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే పరిమాణం. వైర్లు తగిలించడంలో ఒకదాని చోట ఇంకోటి పడింది. మెషీను డిస్కులకి పెట్టుకునే పేర్లలో, అంతదాకా 'ఎ' అయిన పాత డిస్కు ఆ క్షణం నుంచి 'బి' అయింది. ఖాళీది 'బి' అనే అతని మనసులో ఉంది. 'ఈ డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది. సరేనా?' అని తెర అడిగింది. అతనికి ఆకలిగా ఉంది. సగం చదివి నొక్కాడు.

వాటాలు పడ్డాయి. కొత్త సిస్టం ఎక్కింది. మెషీను మళ్ళీ లేచింది. మెనూలో రెండు వరుసలు రావాలి. ఒకటే వచ్చింది.

ఆపి మళ్ళీ వేశాడు. ఒకటే. అలా ఏడుసార్లు వేశాడు.

ప్రతి శుక్రవారం అక్క పనికి నకలు తీసి పెట్టడం అతని బాధ్యతే. మొదటి ఏడాది తీశాడు. తర్వాత 'వచ్చే వారం' అనుకున్నాడు. వారాలు రెండేళ్ళయ్యాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మూడు రోజులు కూర్చుని చెరిగిన డిస్కులో వెతికాడు. దొరికినవి ముక్కలు. సగం తేదీలు, తలల్లేని పేర్లు.

నాలుగో రోజు అప్పటి పెద్ద లైబ్రేరియన్ ఇద్దర్నీ పిలిచాడు. ఏమైందని అడిగాడు. అతను అన్న మాటలు అతనికి ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "డిస్కు పాడైందండీ. మధ్యలో కరెంటు పోతే అలా అవుతుంది. స్విచ్ నేరుగా ఆపేసినా అవుతుంది."

అక్క ముఖం పాలిపోయింది. "నేను కంగారులో ఉన్నాను సార్. నేనే అలా ఆపేసి ఉంటాను" అంది.

అప్పుడు ఒక్కమాట అనాల్సింది. అనలేదు. ఆవిడ అక్కడే కూర్చుని, తన పొరపాటేనని సంజాయిషీ రాసిచ్చింది. ఆ కాగితం మీద ఆవిడ చేతిరాత గుండ్రంగా, స్కూలు పిల్ల రాతలా ఉంది.

ఆ రెండేళ్ళ పనీ ఆవిడ మళ్ళీ చేసింది. సెలవు రోజుల్లో కూడా వచ్చి పద్నాలుగు నెలల్లో పూర్తి చేసింది. కళ్ళద్దాలు రెండుసార్లు మందమయ్యాయి. ఆనాటి నుంచి ఆవిడ మెషీను ఆపే మీట ముట్టుకోదు. సాయంత్రం ఐదయ్యేసరికి హాలు అవతలినుంచి కేక వేస్తుంది: "తమ్ముడూ, వచ్చి దీన్ని నిద్రపుచ్చి పో!" అతను వెళ్తాడు. ఆవిడ సంచీ సర్దుకుంటూ పక్కన నిలబడుతుంది. అతను ఆపుతాడు. పదమూడేళ్ళు.

మరుసటి ఏడాది కంప్యూటరు విభాగానికి ఇన్‌చార్జి కావాలన్నప్పుడు, పెద్దదని ముందు ఆవిడనే అడిగారు. "నా చెయ్యి మంచిది కాదండీ, తమ్ముడికివ్వండి" అంది. ఇచ్చారు. ఆ రోజు ఆఫీసులో అందరికీ మిఠాయి పంచింది కూడా ఆవిడే. అతను తన ముక్క జేబులో వేసుకుని, ఇంటికి వెళ్ళేదారిలో కుక్కకి పెట్టాడు.

చెప్పాలని వెళ్ళకపోలేదు. ఒకసారి వానలో బస్టాపు కింద ఇద్దరే ఉన్నారు, బస్సు వచ్చేసింది. నాలుగేళ్ళ కిందట వాళ్ళమ్మ పోయినప్పుడు పలకరించడానికి వెళ్ళి, ఇది సమయం కాదనుకున్నాడు. ఆ తర్వాత సమయం ఉన్న రోజున ధైర్యం లేదు. భార్యకి చెప్పడానికే ఆరేళ్ళు పట్టింది.

పదకొండున్నరకి అతను కొత్త మెషీను మోసుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. పాతది ఇవాళ తీసేసి, పదహారేళ్ళ పనీ కొత్తదాంట్లోకి మార్చాలి. అక్కడ అక్క ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నర్సుగా చేసి రిటైరైందట. తను కడుపులో ఉండగా ఎక్కడో వంతెన కూలిందని, వాళ్ళ నాన్న నీళ్ళలో దూకి నలుగురిని బయటికి లాగాడని, ఐదోవాడి కోసం వెళ్ళి రాలేదని చెబుతోంది.

"పేపర్లో ఫోటో వేశారని అమ్మ అనేది. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదండీ. ఏ పేపరో తెలీదు."

"మీకెన్నేళ్ళు?" అని అడిగి, అక్క వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుని టకటకా కొట్టింది. అర నిమిషం పట్టలేదు. అటెండరు నిచ్చెనెక్కి బైండు పుస్తకం దించాడు. పసుపురంగు తిరిగిన పేజీలో, కింద మూలన, బొటనవేలంత ఫోటో.

పెద్దావిడ చాలాసేపు చూసింది. "ఇంత చిన్నపిల్లాడా మా నాన్న!" అంది. "నేనింకా పెద్దమనిషి అనుకుంటున్నానే ఇన్నాళ్ళూ."

అక్క లేచి ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది. అతను గుమ్మం దగ్గరే మెషీను చేతుల్లో పట్టుకుని నిలబడిపోయాడు. ఆ ఏడాది పేపర్లు అక్క రెండుసార్లు కొట్టినవి. అతనికి తెలుసు. రెండోసారి కొట్టే ఓపిక ఆవిడకి లేకపోయి ఉంటే, ఈ ముసలావిడ ఇవాళ ఉత్తచేతులతో వెళ్ళేది.

భోజనాలయ్యాక పని మొదలైంది. కొత్త మెషీనుకి మూడు వాటాలు వేశాడు. పాత డిస్కుని దానికి తగిలించాడు. ఏది ఏదో డిస్కు మీద అచ్చు వేసిన నంబరుతో సరిచూసి, కాగితం మీద రాసుకుని, తెర మీది దానితో మళ్ళీ సరిచూశాడు. అక్క కుర్చీ దూరంగా జరుపుకుంది.

"నేను ఇటు కూర్చుంటాలే తమ్ముడూ. నా చెయ్యి తగిలిందంటే పదహారేళ్ళూ మళ్ళీ బూడిదే" అని గట్టిగా నవ్వింది.

అతని వేలు గాలిలో ఆగింది. ఒకసారి చదివాడు. రెండోసారి చదివాడు. మూడోసారి చదివి నొక్కాడు. తెర మీద సన్నటి గీత కదలడం మొదలైంది. నలభై నిమిషాలు పడుతుందని పక్కన చూపిస్తోంది.

"అక్కా, ఆ రోజు డిస్కు పాడవలేదు" అన్నాడు.

"ఏ రోజు?"

"మీ అమ్మగారికి జ్వరం వచ్చిన రోజు." తెర వైపే చూస్తూ మాట్లాడాడు. "మీరు సరిగ్గానే ఆపి వెళ్ళారు. తర్వాత నేను వేసి చూశాను, అంతా బాగుంది. కొత్త డిస్కు అనుకుని మీ డిస్కుని నేనే చెరిపేశాను. నకలు తీయాల్సింది కూడా నేనే, తీయలేదు. సార్ అడిగినప్పుడు మీరు 'నేనే' అన్నారు. నేను ఊరుకున్నాను."

హాల్లో ఎవరో కుర్చీ జరిపారు. గీత పదకొండు శాతం దగ్గర ఉంది.

"సరిగ్గానే ఆపానా?" అంది చివరికి. ఆ పెద్ద గొంతు చాలా చిన్నదైపోయింది.

"ఆపారు."

"నువ్వు చూశావు."

"చూశానక్కా."

ఆవిడ కళ్ళజోడు తీసి రుమాలుతో తుడిచింది. పెట్టుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నన్నంటే పోనీ. మా అమ్మ, తమ్ముడూ. ఈ సంగతి ఇంటికెళ్ళి ఆవిడకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. 'నా జ్వరం నీ రెండేళ్ళు తినేసిందే' అంది. అప్పట్నుంచి ఒంట్లో బాగోకపోతే నాకు చెప్పడం మానేసింది. కాళ్ళు వాస్తే దుప్పటి కప్పుకుని కూర్చునేది. దగ్గొస్తే వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని దగ్గేది." చేతిలోని రుమాలు మడతపెట్టింది. "ఆఖరి రోజు కూడా నేను ఆఫీసుకి బయల్దేరేదాకా ఓర్చుకుని, అప్పుడు పక్కింటావిణ్ణి పిలిచింది. 'దానికి ఫోను చెయ్యకు, కంగారుగా వచ్చిందంటే మళ్ళీ అక్కడ ఏదో పాడైపోతుంది' అందట. నేను వెళ్ళేసరికి అయిపోయింది."

అతనికి ఇది తెలియదు. రెండేళ్ళ పని, మందమైన కళ్ళద్దాలు, తనకి దక్కిన కుర్చీ, వీటినే ఇన్నేళ్ళూ అతను తన తప్పు అనుకుంటూ వచ్చాడు. కుళాయి చప్పుడులో దగ్గుతున్న ఒక ముసలావిడ అందులో ఎప్పుడూ లేదు. క్షమించమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఆవిడ ఏదో ఒక బదులు చెప్పాల్సి వస్తుంది. ఇంత విన్నాక ఆ పని కూడా ఆవిడ నెత్తినే పెట్టడమా అనిపించింది. మింగేశాడు.

పని మధ్యలో వదిలి ఇద్దరిలో ఎవరూ వెళ్ళలేరు. అలాగే కూర్చున్నారు. అటెండరు టీలు తెచ్చి, "ఏంటి, ఇద్దరూ సినిమా చూస్తున్నట్టు కూర్చున్నారు? హీరో వచ్చాడా?" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి గ్లాసులు పెట్టేసి వెళ్ళిపోయాడు. టీ మీద మీగడ కట్టింది. గీత అరవై దాటింది, ఎనభై దాటింది. ఒకసారి ఆవిడ తలుపు వైపు చూసింది, అక్కడ ఎవరో నిలబడ్డట్టు.

పూర్తయింది. అతను మెషీను ఆపి మళ్ళీ వేశాడు. మెనూ వచ్చింది, మూడు వరుసలూ ఉన్నాయి. అక్క కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చింది.

"నేను ఎక్కించిన మొదటిది తీయి."

తీశాడు.

"ఆఖరిది."

అది ఆ పొద్దున ఆవిడ ఎక్కించినదే. తప్పిపోయిన దూడ గురించి రెండు ముక్కల ప్రకటన. ఆవిడ పెదాలు కదుపుతూ చదువుకుంది. "సరిపోయింది" అంది. సంచీ భుజానికి తగిలించుకుని, రెండడుగులు వేసి ఆగింది.

"పదమూడేళ్ళు చెప్పనివాడివి, ఇవాళెందుకు చెప్పావు?"

అతను నిజం కోసం వెతుక్కున్నాడు. "రేపట్నుంచి మీరు కనపడరు. కనపడకపోతే మర్చిపోతానేమోనని భయమేసింది."

ఆవిడ అతన్ని చాలాసేపు చూసింది. కోపం ఉందో లేదో ఆ మందపు అద్దాల వెనక తెలియలేదు. "మర్చిపోవులే" అంది. అది ఓదార్పో శాపమో అతను తేల్చుకోలేకపోయాడు.

పదహారేళ్ళలో ఏ సాయంత్రమూ 'వస్తా తమ్ముడూ' అనకుండా వెళ్ళని మనిషి, ఇవాళ "వెళ్తున్నా" అంది. హాల్లో చదువుకుంటున్నవాళ్ళెవరూ తలెత్తలేదు. ఆవిడ బల్లల మధ్యనుంచి నడిచి, ఎండలోకి దిగి, మలుపు తిరిగింది.

అతను ఒక తెల్లకాగితం తీసుకుని, నిలబడే రాశాడు. జరిగింది జరిగినట్టు, తేదీతో సహా. కింద సంతకం పెట్టి లైబ్రేరియన్ మేడమ్ గదికి తీసుకెళ్ళాడు. ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది ఆవిడ అడిగారా?"

"లేదండీ."

"ఇది కాగితం మీదకి వస్తే మీ మీద విచారణ తప్పదు. తెలుసుగా?"

"తెలుసండీ."

"రేపు మాట్లాడదాం. మీరు ముందు ఇంటికెళ్ళండి."

"రేపు వద్దు మేడమ్. ఆవిడ ఫైలు పొద్దున్నే పై ఆఫీసుకి వెళ్ళిపోతుంది. ఆవిడ రాసిచ్చిన సంజాయిషీ అందులోనే ఉంది. దాని పైన ఇది పెట్టండి."

అతను ఎవరితోనూ అంత గట్టిగా మాట్లాడటం మేడమ్ ఎప్పుడూ వినలేదు. సొరుగు లాగి, కాగితానికి రెండు చిల్లులు పొడిచి, అతని ఎదురుగానే ఫైల్లో తాడు గుచ్చి ముడివేసింది. "జాగ్రత్త మనిషనుకున్నాను" అంది ముడి బిగిస్తూ. అతను తల వంచుకుని బయటికి వచ్చాడు.

పాత మెషీను ఇంకా వెనక గదిలో బల్ల మీదే ఉంది. దాన్ని స్టోరుకి చేర్చాలి. తీగ బల్ల వెనకనుంచి కిందికి దిగి గోడలోని ప్లగ్గుకి వెళ్ళింది. చెయ్యి అందక, అతను మోకాళ్ళ మీద కూర్చుని, ఎప్పుడూ దూరని ఆ బల్ల కిందికి తల దూర్చాడు. కుర్చీకి ఎదురుగా ఒక చిన్న చెక్కపీట ఉంది. ఆ ఎత్తయిన కుర్చీలో కూర్చుంటే అక్క కాళ్ళు నేలకి అందవని అతనికి అప్పటిదాకా తెలియదు. ప్లగ్గు పీకి చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పీటకి ఎవరో ఎప్పుడో వేసిన ఆకుపచ్చ రంగు అంచుల్లో ఇంకా నిగనిగలాడుతోంది. నడిమధ్య మాత్రం, రెండు పాదాలు ఆనేంత మేర, రంగంతా పోయి కర్ర నున్నగా తేలి ఉంది.